సవరణ: నిందితుడి ఒప్పుకోలు, దొరికిన కత్తి, సెక్షన్ నంబర్లు

పోలీసు దర్యాప్తు నవలల గురించి ఇంతకుముందు రాసిన వ్యాసంలో, మిర్యాలగూడ దగ్గర జరిగే కథను ఉదాహరణగా తీసుకుని, నిందితుడు ఠాణాలో ఎస్సై ముందు చెప్పింది కోర్టులో చెల్లదని ఒక వాక్యం ఉంది. దాన్నిబట్టి ఆ ఘట్టమే కథకు పనికిరాదని కొందరు పాఠకులు భావించినందున ఈ వివరణ.

“నేనే చంపాను” అన్న మాట చెల్లదు. పాత సాక్ష్యాధారాల చట్టం 25వ సెక్షన్ చెప్పిందీ, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్ చెబుతున్నదీ అదే. అయితే కస్టడీలో ఉన్న మనిషి “కత్తిని సాగర్ ఎడమ కాలువ గట్టున తుమ్మచెట్టు కింద పాతిపెట్టాను, చూపిస్తాను” అని చెప్పి, ఆ తర్వాత పంచుల (పోలీసులు సాక్షులుగా పిలిచే బయటి వ్యక్తుల) సమక్షంలో ఆ కత్తి నిజంగానే బయటపడితే, దాని ఆచూకీకి నేరుగా దారితీసిన మాటల మేరకు సాక్ష్యంగా తీసుకోవచ్చు. అందుకే పనితనం తెలిసిన రచయిత ఒప్పుకోలును ఒక్క పేరాలో ముగించి, పంచనామాకు పేజీలు కేటాయిస్తాడు: కత్తి పిడికి అంటిన మట్టి, సీలు వేసిన పొట్లం, సంతకానికి జంకే పంచు. (డిఫెన్స్ వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో పట్టుకునేదీ ఆ పంచునే.)

ఇక సెక్షన్లు. హత్యకు భారతీయ న్యాయ సంహిత 103 అని రాయడం 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకే వర్తిస్తుంది. అంతకుముందు జరిగిన హత్య, కేసు ఆలస్యంగా నమోదైనా సరే, పాత భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 302 కిందికే వస్తుంది కనుక, 1990ల దేవరకొండ నేపథ్యంగా రాసే నవలలో పాత నంబరే ఉండాలి.