కడప బండ మీద జాజ్ ప్లేటు: రీఇష్యూ అంటే చిన్నచూపు ఎందుకు?

మా ఇంట్లో గోడలోకి దించి కట్టిన కడప బండ అర ఒకటుంది. ఒకప్పుడు దాని మీద నీళ్ల బిందెలు ఉండేవి, ఇప్పుడు వినైల్ ప్లేట్లను తిప్పి సంగీతం వినిపించే టర్న్‌టేబుల్ ఉంది. బరువైన రాయి కాబట్టి గదిలో ఎవరు నడిచినా సూది అదరదు.

రాయితో వచ్చిన ఇబ్బంది ఏమీ లేదు. ఇబ్బందల్లా ఎండతోనే. వేసవిలో తలుపులు మూసిన కారులో ప్లేటును కాసేపు వదిలేస్తే చాలు, అంచు వంగిపోతుంది. ఒకసారి వంగితే మళ్లీ చదును చేయడం చాలా కష్టం. బోరు నీళ్లతో కడిగితే అందులోని ఉప్పు గాడుల్లో తెల్లగా పేరుకుంటుంది. అందుకని బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకుని, మెత్తటి గుడ్డ తడిపి, గాడి తిరిగిన దిక్కుకే తుడుస్తాను. ఇంత జాగ్రత్తగా చూసుకునే ప్లేటు గురించి ఎవరైనా అడిగే మొదటి మాట: ‘ఒరిజినలా, రీఇష్యూనా?’ అంటే మొదట విడుదలైనప్పటి ప్లేటా, తర్వాత మళ్లీ అచ్చేసినదా అని. రీఇష్యూ అనగానే అడిగినవాళ్ల ముఖంలో ఉత్సాహం తగ్గిపోతుంది. ఆ చిన్నచూపుకు ఆధారం లేదని నా అభిప్రాయం.

అమెరికన్ జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’నే తీసుకోండి. 1959లో మార్చి 2న, ఏప్రిల్ 22న న్యూయార్క్‌లోని కొలంబియా 30వ వీధి స్టూడియోలో దాన్ని రికార్డు చేశారు. మార్చి 2న ప్రధాన టేపు మిషను కాస్త నెమ్మదిగా తిరిగింది. అలాంటి టేపును మామూలు వేగంలో వినిపిస్తే శ్రుతి పైకి పోతుంది. ప్లేటు మొదటి వైపున్న మూడు రచనలూ అలా శ్రుతి పెరిగే అచ్చయ్యాయి. అదృష్టం కొద్దీ ఆ రోజు పక్కన ఇంకో మిషను సరైన వేగంతో నడిచింది. ఆ టేపును బయటికి తీసి 1992లో తప్పు సరిదిద్దారు. అంటే ముప్పై ఏళ్లకు పైగా లోకం విన్నది ఆ గదిలో వాయించిన శ్రుతి కాదు. ఎంత ఖరీదు పెట్టి కొన్నా 1959 నాటి ప్లేటులో ఉండేది ఆ తప్పు శ్రుతే. అసలు శ్రుతి కావాలంటే సరిదిద్దిన టేపుతో వేసిన రీఇష్యూనే వినాలి.

మొదటి ప్రెస్సింగ్‌కు, అంటే మొదటిసారి అచ్చేసిన ప్లేటుకు, విలువ లేదని అనను. జాజ్ రికార్డుల సంస్థ బ్లూ నోట్‌కు ఇంజినీరు రూడీ వాన్ గెల్డర్ టేపులోని శబ్దాన్ని తన చేత్తో గాడిగా కోసిన ప్లేట్లలో అప్పుడే రికార్డయిన టేపు తాజాదనం ఉంటుంది. టేపు ముసలిదవుతుంది, దాని మీది పూత రాలుతుంది. 2008లో హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియోస్ ఆవరణలో జరిగిన అగ్నిప్రమాదంలో ఎన్నో మాస్టర్ టేపులు (మూల టేపులు) కాలిపోయాయి. అలా టేపు పోయినచోట పాత ప్లేటే సాక్ష్యం. కాకపోతే ఆ సాక్ష్యం ఏ స్థితిలో ఉందన్నది చూడాలి. కొన్నేళ్ల కింద ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర పాత మోనో ప్లేటు కొన్నాను. ‘బాగుంది’ అని రాశారు, ఫొటోలో నిగనిగలాడింది. సూది పెట్టాక తెలిసింది. ట్రంపెట్ పైస్థాయికి వెళ్లిన ప్రతిచోటా శబ్దం చిరుగుతోంది. ఆ రోజుల్లో సూదిని మోసే బరువైన టోన్‌ఆర్మ్‌లు, అరిగిన సూదులు గాడి గోడలను తినేశాయి. పైపైన చూస్తే కనిపించదు, కడిగినా పోదు.

మా జిల్లా పేరు చెప్పగానే సంగీతం తెలిసినవాళ్లకు తాళ్లపాక గుర్తొస్తుంది. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద మిగిలాయి. సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, ఆయన పాడిన వరస మాత్రం లేదు. నేడు మనం పాడుకునే వరసలు తర్వాతివాళ్లు కట్టినవి. జాజ్‌కు వచ్చిన భాగ్యం ఇక్కడే అర్థమవుతుంది. కాగితం మీద నాలుగు గీతల్లో ఇమిడే రచనను అప్పటికప్పుడు పెంచి వాయించిన మనోధర్మం మొత్తం టేపు మీద ఉంది. నా లెక్కలో అసలు కృతి అదే. దాన్ని ఎవరు, ఎంత నిజాయితీగా మన దాకా తెస్తున్నారన్నదే కొనేముందు అడగాల్సిన ప్రశ్న.

రీఇష్యూలన్నీ మంచివి కావు. యూరప్‌లో సౌండ్ రికార్డింగుల హక్కు ఒకప్పుడు 50 ఏళ్లే ఉండేది. 2013లో దాన్ని 70 ఏళ్లకు పెంచారు గానీ, 1963కు ముందు విడుదలైనవి అప్పటికే హక్కుల పరిధి దాటిపోయాయి. దాంతో మూల టేపు ముఖం చూడకుండా, సీడీ నుంచి ప్లేటు వేసి అమ్మడం అక్కడ చట్టబద్ధమే అయింది. జాజ్‌లో గొప్ప రికార్డులు ఎన్నో ఆ గీతకు అవతలే ఉన్నాయి. అట్ట మీద ‘180 గ్రాములు’ అని పెద్దగా వేస్తారు. ప్లేటు బరువు ఎక్కువైనంత మాత్రాన అందులోని శబ్దం మారదు. ఏ టేపు వాడారో, ఎవరు కోశారో రాయనిదాన్ని నేను కొనను.

ఇందుకు మంచి ఉదాహరణ బ్లూ నోట్ 2019లో మొదలుపెట్టిన టోన్ పొయెట్ రీఇష్యూల శ్రేణి. నిర్మాత జో హార్లే పర్యవేక్షణలో ఇంజినీరు కెవిన్ గ్రే మూల టేపుల నుంచి కోస్తున్నారు. ఖర్చులన్నీ కలిపి ఒక్కోటి నాలుగు వేల రూపాయలకు అటూ ఇటూగా పడుతుంది. నెల జీతం మీద బతికేవాళ్లకు అది తక్కువేమీ కాదు, నేనైనా ఏడాదికి మూడు నాలుగుకు మించి కొనను. అయినా మొదటి ప్రెస్సింగ్‌కు వేల డాలర్లు పలికే సంగీతం కడపలో ఒక ఇంటికి చేరడానికి ఇంతకన్నా దగ్గర దారి నాకు కనిపించలేదు.

ప్లేటు చేతికి రాగానే కిటికీ దగ్గర వెలుతురులో వంచి చూస్తాను. లేబుల్ చుట్టూ ఉండే ఖాళీ నల్ల అంచులో కోసినవారి పొడి అక్షరాలు చెక్కి ఉంటాయి. పాత బ్లూ నోట్ ప్లేట్లలో ఆర్‌వీజీ (రూడీ వాన్ గెల్డర్), టోన్ పొయెట్ ప్లేట్లలో కేపీజీ (కెవిన్ గ్రే). అది చూశాకే ప్లేటును బండ మీదికి తీసుకెళ్తాను. మార్చి దాటితే పార్సిల్ తెప్పించను. ఇప్పుడు మనసులో ఉన్న రెండు ప్లేట్లకు నవంబరులో ఆర్డర్ పెడతాను.