2047 ప్రధాన సంఖ్య కాదు

మా మేనల్లుడు విజయనగరంలో ఒక ప్రైవేటు కళాశాలలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. పోయిన వారం పరీక్షలో 2¹¹ − 1 ప్రధాన సంఖ్యేనా అని అడిగితే, కాదని రాసి, 2047 = 23 × 89 అని పక్కనే చూపించాడు. కీలో మాత్రం, 11 ప్రధాన సంఖ్య కాబట్టి 2¹¹ − 1 కూడా ప్రధాన సంఖ్యే అని ఉంది. వెళ్లి అడిగితే కీ ప్రకారమే మార్కులు అన్నారట. మార్కు పోతే పోయింది గానీ, తరగతి మొత్తం ఆ తప్పును నిజమనుకుని నోట్సులో రాసుకుందన్న సంగతి నాకు మింగుడు పడటం లేదు.

ఘాతాంకం (2 పైన వేసే సంఖ్య) ప్రధాన సంఖ్య కాకపోతే ఇలాంటి సంఖ్య ప్రధానం కానే కాదు. అయినంత మాత్రాన తప్పక ప్రధానమవుతుందని మాత్రం ఎక్కడా లేదు. 13 ప్రధానమని చూపడానికి పలాస వైపు మేము పదమూడు జీడిపిక్కలిచ్చి, ఒకే వరుసగా తప్ప సమాన వరుసలుగా పేర్చలేమని పిల్లల చేతనే తేల్పిస్తాం. పెద్ద సంఖ్యలకు పిక్కలు చాలవు. 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి 2⁶⁷ − 1 ప్రధానమని తన జాబితాలో చేర్చాడు. 1876లో లూకాస్ అనే ఫ్రెంచి గణితవేత్త అది కాదని, ఒక్క కారణాంకమైనా చూపకుండానే రుజువు చేశాడు. ఆ కారణాంకాలు 193707721, 761838257287 అని కోల్ అనే అమెరికా గణితవేత్త బయటపెట్టేసరికి 1903 వచ్చింది. దేనితో భాగించబడుతుందో తెలియకుండానే భాగించబడి తీరుతుందని చెప్పగలగడం కన్నా అందమైన విషయం గణితంలో నాకు మరొకటి కనబడలేదు.

లూకాస్ పద్ధతిని 1930లో లెమర్ అనే అమెరికా గణితవేత్త చక్కదిద్దాడు. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసేసి, మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి; బేసి ప్రధాన ఘాతాంకం కన్నా రెండు తక్కువ సార్లు ఇలా చేశాక శేషం సున్నా అయితే అది ప్రధానం, లేకపోతే కాదు. 31 (అంటే 2⁵ − 1) తీసుకుంటే 4, 14, 8, 0 వస్తాయి. ఇంతే! 2024 అక్టోబరులో కనుగొన్న 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 అనే సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయి, పేజీకి మూడు వేల చొప్పున అచ్చువేస్తే పదమూడు వేల పేజీలు దాటుతుంది. దాన్ని ప్రధానమని నిర్ధారించినదీ ఈ లెక్కే. ఎనిమిదో తరగతి పిల్లవాడు చేయగలిగిన దీన్ని సిలబస్‌లో లేదని పక్కనపెట్టి, తప్పుడు కీలు బట్టీ పట్టించడం నేరమనే అంటాను.

ఆదివారం వాణ్ని అరుగు మీద కూర్చోబెట్టి, పాత క్యాలెండరు వెనకవైపు 2047కు ఇదే చేయించాను. తొమ్మిదో మెట్టులో 1736 మిగిలింది. "మావయ్యా, ఈసారి 13కి చేస్తాను" అని వాడే మరో కాగితం తీసుకున్నాడు. 8191తో (అంటే 2¹³ − 1తో) భాగిస్తూ, మధ్యలో రెండుసార్లు కొట్టివేసి, పదో మెట్టుకు 128 తెచ్చాడు. దాని వర్గంలోంచి 2 తీసేస్తే 16382. అది 8191కి సరిగ్గా రెట్టింపు. కింద సున్నా వేసి, దాని చుట్టూ రెండుసార్లు గీత గీశాడు.