అదే తల్లి, అదే తండ్రి అట!

పొద్దున్నే స్టవ్ మీద పాలు పెట్టి ఫోన్ చూస్తే వాట్సాప్‌లో ఒక వీడియో. గోనెపట్టా మీద ఎనిమిది డాబర్‌మన్ పిల్లలు. కింద, బ్రూనోని మాకు అమ్మినాయన మెసేజ్: "మేడం, మీ బ్రూనో తల్లిదండ్రులకే పుట్టాయి. రిపీట్ మేటింగ్. మీకైతే రేటు తగ్గిస్తా." పాలు పొంగి స్టవ్ అంతా పోయాయి, నేను కదల్లేదు. మధ్యాహ్నం దాటినా కోపం దిగలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

బ్రూనో పోయి ఏడు నెలలు. నాలుగున్నరేళ్ళకే పోయాడు. డైలేటెడ్ కార్డియోమయోపతి. గుండె కండరం బలహీనపడి, గుండె సాగిపోయి, రక్తాన్ని తోడలేకపోవడం. డాబర్‌మన్లలో అది వంశంలో నడిచే జబ్బు. వాడు పోయిన వారానికే ఈ అమ్మినాయనకి ఫోన్ చేశాను. "మీ దగ్గరున్న ఆ రెండింటికీ ఎకో, అదే గుండె స్కానింగ్, తీయించండి, దయచేసి మళ్ళీ వాటిని కలపకండి" అని బతిమాలాను. "మీరు తిండి సరిగ్గా పెట్టి ఉండరు మేడం" అన్నాడు. ఏడుస్తున్న మనిషితో అనే మాటేనా అది? ఇప్పుడు అదే జంటకి ఎనిమిది పిల్లలు!

రాత్రిళ్ళు వాడికి దగ్గు వస్తుంటే జలుబు అనుకున్నాం. వారం పాటు దగ్గు మందు పోశాం. ఒకరోజు మేడ మెట్లు ఎక్కుతూ కుప్పకూలిపోయాడు. గుంటూరు నుంచి హైదరాబాద్ తీసుకెళ్ళి ఎకో తీయిస్తే అప్పటికే ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. నీరు లాగే మాత్ర ఇచ్చారు. మా అమ్మమ్మ వేసుకునే మాత్రే అది. ఇద్దరికీ పక్కపక్కనే డబ్బాలు. గుండె మాత్ర తిండికి గంట ముందు, రోజుకి రెండుసార్లు. నిద్రలో ఊపిరి లెక్కపెట్టమన్నారు. నిమిషానికి 30 దాటితే వెంటనే ఫోన్ చేయమన్నారు. నాలుగు నెలలు రాత్రిళ్ళు వాడి పక్కన నేల మీద పడుకుని లెక్కపెట్టాను. ఇప్పటికీ అర్ధరాత్రి మెలకువ వస్తే ఎవరి ఊపిరి వినబడినా లెక్క మొదలవుతుంది. మా అబ్బాయిది, మా ఆయనది, ఎవరిదైనా.

ఇదేమీ ఎవరికీ తెలియని రహస్యం కాదు. మ్యూనిక్ డాక్టర్లు 412 డాబర్‌మన్లని పరీక్షించి 2010లోనే రాశారు, సగానికి పైగా, 58 శాతం దాకా దీని బారిన పడుతున్నాయని. జన్యు పరీక్ష ఒక్కటీ చేయిస్తే చాలదు, అందులో బాగుందని వచ్చినవాటికీ జబ్బు రావచ్చు. మూడేళ్ళ వయసు నుంచి ఏటేటా ఎకో, 24 గంటల హోల్టర్ (ఒంటికి కట్టి గుండె లయని రికార్డు చేసే పరీక్ష) చేయించాలి. గుండె లయ తప్పడం తరచుగా ముందు హోల్టర్‌లోనే దొరుకుతుంది. ఆ తల్లికి ఇప్పుడు ఏడేళ్ళు. ఒక్కసారైనా చేయించారా అని ఇవాళ అడిగాను. "వ్యాక్సిన్లన్నీ అయిపోయాయి మేడం" అని జవాబు. పిల్లలకి 35 రోజులట, వచ్చే ఆదివారం తీసుకెళ్ళమంటున్నాడు. ఎనిమిది వారాలు నిండకుండా అమ్మకూడదని 2017 నుంచి కేంద్రం నిబంధనలే ఉన్నాయి. అమ్మేవాడు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలని కూడా ఉంది. అడిగేవాళ్ళు ఎవరు?

అడగకూడదని నాకు నేర్పిందే మా పెదనాన్న. ఈ అమ్మినాయన్ని చూపించింది కూడా పెదనాన్నే. కొనడానికి వెళ్ళినప్పుడు "తండ్రి కుక్కని ఒకసారి చూడొచ్చా? వీటి ముందు కాన్పు పిల్లలు ఎలా ఉన్నాయి?" అని అడగబోతే నా చెయ్యి నొక్కి, "ఊరుకోవే, ఆయన ఏమనుకుంటాడు!" అన్నారు. అమ్మినాయన నా చేతిలో కెన్నెల్ క్లబ్ కాగితం పెట్టాడు. అందులో తాతముత్తాతల పేర్లన్నీ ఉన్నాయి. ఎవరు ఏ వయసులో, దేనితో పోయారో మాత్రం ఒక్క ముక్క లేదు.

ఆ చెయ్యి నొక్కడం నాకు కొత్త కాదు. మా అక్క పెళ్ళిచూపుల్లో కూడా అంతే. మా నాన్న 51 ఏళ్ళకి గుండెపోటుతో పోయారు, మా తాత కూడా అంతే. అబ్బాయి తరఫువాళ్ళు "మీ నాన్నగారు ఎలా పోయారమ్మా?" అని అడిగితే నేను నోరు తెరిచేలోపు పెదనాన్న నా చెయ్యి నొక్కి, "యాక్సిడెంటండీ" అనేశారు. అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూసి సంబంధం చేయాలని ఊరందరికీ చెప్పే మనిషి! మా బావగారికి ఆ నిజం తెలిసింది పెళ్ళయిన ఆరేళ్ళకి, అక్క ఛాతీలో నొప్పని ఆస్పత్రిలో చేరినప్పుడు. డాక్టర్ "మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?" అని అడిగితే ఆయన "లేదండీ" అన్నారు పాపం, నమ్మకంగా. అక్క బాగానే ఉంది ఇప్పుడు. కానీ ఆ రోజు ఆయన నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేదు. అబద్ధం చెప్పిన పెదనాన్నని మాత్రం ఇప్పటికీ ఎవరూ ఒక్క మాట అనలేదు.

నిన్న కూడా ఆయన ఫోన్ చేశారు. "ఇంకోదాన్ని తెచ్చుకో, మర్చిపోతావు. ఈసారి ఎక్కువ ఆరాలు తీయకు" అన్నారు. నేను మర్చిపోవడానికి తెచ్చుకోను పెదనాన్నా. గేటు దగ్గర చప్పుడైతే చెవులు నిక్కబొడుచుకునే ప్రాణం ఇంట్లో ఒకటి కావాలని తెచ్చుకుంటాను. "ఒకటి పోయింది చాలదా, మళ్ళీనా?" అనేవాళ్ళకీ ఇదే నా జవాబు. మళ్ళీ తెచ్చుకుంటాను, డాబర్‌మన్‌నే తెచ్చుకుంటాను. తల్లిదండ్రులిద్దరి ఎకో, హోల్టర్ రిపోర్టులు చేతికిచ్చి, ముందు కాన్పు పిల్లల ఇళ్ళ ఫోన్ నంబర్లు ఇచ్చే మనిషి దొరికితే, ఈయనకి ఇచ్చిన 22 వేలకి మూడింతలైనా ఇస్తాను. రెండేళ్ళైనా ఆగుతాను.

ఇది రాస్తుండగానే మళ్ళీ మెసేజ్ వచ్చింది. "మేడం, రెండే మిగిలాయి. త్వరగా చెప్పండి."

అంటే ఆరు ఇళ్ళకి మాట ఇచ్చేశాడు.