పిచింగూ వాడే, బ్యాటింగూ వాడే: అలాంటి కుర్రాణ్ణి చూడటం మనకు వచ్చా?

స్కూల్ గేమ్స్ సెలెక్షన్లంటే మన దగ్గర ఒక్క పూట వ్యవహారం. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియమైనా, ఒంగోలులో ఏ కాలేజీ గ్రౌండైనా వరస ఒకటే. పొద్దున్నే పిల్లల్ని నిలబెట్టి నాలుగు బంతులు వేయించి, నాలుగు బంతులు ఆడించి, భోజనాల వేళకు లిస్టు రాసేస్తారు. బేస్‌బాల్‌కు ఇది చాలదు. బంతి విసరడంలోనూ, కొట్టడంలోనూ పదిమందిలో కనపడే కుర్రాడు వస్తే మరీ చాలదు. "ఏందబ్బా, పిలగాడు రెండూ ఇరగదీస్తా ఉండాడు" అని గట్టు మీద నుంచి ఓ కేక పడుతుంది, పేరు లిస్టెక్కుతుంది, అంతే సంగతులు. ఆ రెండింటిలో ఏది ఎంత, ఏది ఎన్నాళ్ళుంటుంది అని అడిగే నాథుడుండడు.

పిచింగ్ (బంతి విసరడం), బ్యాటింగ్ రెండూ చేసే జపాన్ ఆటగాడు షోహెయి ఒహ్తాని పేరు ఇప్పుడు మన పీఈటీ సార్లక్కూడా తెలుసు. అమెరికా మేజర్ లీగ్ జట్టు డాడ్జర్స్‌తో పదేళ్ళకు 70 కోట్ల డాలర్ల ఒప్పందం, 2024లో 54 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి), 59 దొంగిలించిన బేస్‌లు (బ్యాటు తగలకుండానే తర్వాతి మజిలీకి పరుగెత్తి చేరడం) అందరి నోళ్ళలోనూ నానాయి. నాకు మాత్రం అతని కథలో ఆసక్తిగా తోచేవి బంతి పట్టని ఏళ్ళు. 2018 అక్టోబరులో మోచేతికి ఆపరేషన్ అయింది. 2019 అంతా పిచింగ్ లేదు, బ్యాటింగ్ మాత్రం చేశాడు. 2023 సెప్టెంబరులో మళ్ళీ అదే మోచేతికి కత్తి పడింది. ఆ 54 హోమ్ రన్లు కొట్టిన 2024లో అతను ఒక్క మ్యాచ్‌లోనూ పిచింగ్ చేయలేదు. చెయ్యి పడకేసినప్పుడు మనిషిని ఆటలో నిలబెట్టింది బ్యాటే. 2018లో ఏంజెల్స్ జట్టు అతనితో పిచింగ్ చేయించే రోజుకు ముందు రోజూ, మర్నాడూ సాధారణంగా బ్యాటు కూడా చేతికివ్వలేదన్నది మరో ముచ్చట. అంత జాగ్రత్త పడ్డా ఆ ఏడాదే చెయ్యి దెబ్బతింది.

అంతకుముందు జపాన్‌లో నిప్పన్ హామ్ ఫైటర్స్ చేసింది ఇంకా గొప్ప పని. 2012లో ఆ కుర్రాడు నేరుగా అమెరికా పోతానని ప్రకటించినా డ్రాఫ్టులో (జట్లు వరసగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే తంతులో) వాళ్ళు అతన్నే ఎంచుకుని, రెండు పనులూ చేయనిస్తామని ఒప్పించారు. 2014లో పిచర్‌గా 11 విజయాలు, బ్యాటుతో 10 హోమ్ రన్లు. 2016లో 10 విజయాలు, 22 హోమ్ రన్లు, లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి అవార్డు. తొందరపడి ఏదో ఒకటి తేల్చేసి ఉంటే ఇవేవీ ఉండేవి కావు.

అమెరికాలో మాత్రం ఎక్కువగా తేల్చేస్తారు. 2017 డ్రాఫ్టులో రెండో పేరు హంటర్ గ్రీన్ది. స్కూల్లో షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డరు), పిచర్ కూడా. రెడ్స్ జట్టు కొద్దిరోజుల్లోనే పిచింగుకే పరిమితం చేసింది. 2024లో ఆరో పేరు జాక్ కాగ్లియానోన్. యూనివర్సిటీలో రెండూ చేసినవాణ్ణి రాయల్స్ బ్యాటరుగానే పెంచింది. అంతెందుకు, పాతతరం దిగ్గజం బేబ్ రూత్ అంతటివాడు 1920లో యాంకీస్‌కు వచ్చాక పిచింగ్ దాదాపు వదిలేశాడు. అన్ని డబ్బులూ డాక్టర్లూ ఉన్న జట్లే వెనకాడే పని ఇది.

అక్కడి స్కౌట్ల (ప్రతిభను వెతికేవాళ్ళ) పద్ధతిలో మనం తీసుకోదగిన ముక్క ఒకటుంది. ప్రతి నైపుణ్యానికీ 20 నుంచి 80 దాకా మార్కులు, 50 అంటే మేజర్ లీగ్ సగటు. రెండూ చేసే కుర్రాడికి పిచరుగా ఒక రిపోర్టు, బ్యాటరుగా ఒక రిపోర్టు విడివిడిగా రాస్తారు. రెండూ కలిపి సగటు తీయరు. మన కళ్ళకు క్రికెట్ అలవాటు కాబట్టి ఇక్కడే తడబడతాం. క్రికెట్లో నాలుగు ఓవర్లు వేసి ముప్పై పరుగులు చేసేవాడికి జట్టులో చోటుంటుంది. బేస్‌బాల్‌లో సగం పిచర్, సగం బ్యాటర్ అనే ఉద్యోగం లేదు. మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో కూడా 2022 నుంచి పిచర్ బదులు వేరేవాడు బ్యాటింగుకు దిగే నియమం వచ్చేసింది. ఇక రెండూ చేయాలంటే రెండింటిలోనూ విడిగా నెగ్గుకురాగలిగినవాడై ఉండాలి.

క్రికెట్ కన్ను ఇంకో చోట కూడా మోసం చేస్తుంది. ఫాస్ట్ బౌలరును తెచ్చి పిచర్ చేద్దామనుకుంటాం. బౌలరు మోచెయ్యి 15 డిగ్రీలకు మించి సాగితే అది త్రో. పిచరుకు ఆ సాగడంలోనే వేగముంది. నేనైతే బౌలింగ్ వేసేవాణ్ణి వదిలేసి, బౌండరీ దగ్గర్నుంచి వికెట్ కీపర్ చేతుల్లోకి బంతిని నేరుగా, ఎత్తు లేకుండా కొట్టే ఫీల్డరును వెతుకుతాను. 2008లో టీవీ పోటీలో ముందు నిలిచి పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్న రింకూ సింగ్ (క్రికెటర్ రింకూ కాదు), దినేశ్ పటేల్ ఇద్దరూ జావెలిన్ విసిరేవాళ్ళే. వాళ్ళు మేజర్ లీగ్ దాకా వెళ్ళలేదు, అది వేరే సంగతి.

వేగం కొలిచే గన్ మన జిల్లాలో దొరకడం కష్టం. లేకపోతే కొంప మునిగిపోదు. పిచరు దిబ్బ నుంచి బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేటుకు 18.44 మీటర్లు. క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) వెనక నిలబడి మొదటి పది బంతులు చూడండి, తర్వాత వదిలేసి ముప్పయ్యో బంతి నుంచి మళ్ళీ చూడండి. మోచెయ్యి భుజం కంటే కిందికి జారుతోందా? ముందుకాలు పడే చోటు పక్కకు పోతోందా? రెండు బంతుల మధ్య చెయ్యి దులుపుకుంటున్నాడా? ఈ మూడింటికీ జవాబు అవునంటే మొదటి పది బంతుల జోరుకు పెద్ద విలువ లేదు. బ్యాటింగులో అయితే కొట్టిన బంతుల లెక్క పక్కనపెట్టి, వదిలేసిన బంతులు చూడాలి. బంతి వచ్చేది అర సెకను లోపే. ఆ లోపల చెడ్డ బంతి అని పసిగట్టి బ్యాటు ఆపుకున్నవాడిది అసలైన కన్ను. ఆపైన స్టాప్‌వాచ్ చాలు: కొట్టిన క్షణం నుంచి ఫస్ట్ బేస్‌కు 4.3 సెకన్లంటే కుడిచేతి బ్యాటరుకు మేజర్ లీగ్ సగటు.

వయసు మరో మెలిక. అండర్-17లో మీసం వచ్చినవాడిదే రాజ్యం. ఈ సంగతి బండలాగుడు పందేల రైతులకు మనకంటే బాగా తెలుసు. పాలపళ్ళ జత వేరు, రెండు పళ్ళది వేరు, ఆరు పళ్ళది వేరు. ఒంగోలు కోడె ఎంత దిట్టంగా ఉన్నా నోరు తెరిచి పళ్ళు చూశాకే ఏ బండ కట్టాలో తేలుస్తారు. మన సెలెక్షన్లలో మాత్రం సర్టిఫికెట్ చూస్తారు, ఒళ్ళు చూడరు. పెద్ద పాదాలు, పొడుగు మణికట్లు, ఇంకా నిండని భుజాలు ఉన్న సన్నటి కుర్రాడు రెండేళ్ళలో వీళ్ళను దాటిపోవచ్చు.

అసలు చిక్కు టోర్నమెంటులో వస్తుంది. రెండు మూడు రోజుల్లో మ్యాచులన్నీ అయిపోవాలి. స్ట్రైకులు (బ్యాటర్ కొట్టదగిన చోట పడే బంతులు) వేయగలిగేది జట్టులో ఒక్కడే, నాలుగో నంబరు బ్యాటరూ వాడే. పొద్దున అతనే, సాయంత్రం అతనే. తల్లిదండ్రులకు సర్టిఫికెట్ కావాలి, దాని వెనక కాలేజీ సీటో స్పోర్ట్స్ కోటా ఉద్యోగమో ఉంది. తప్పు పట్టలేం. కానీ మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి పెట్టిన పిచ్ స్మార్ట్ లెక్క ప్రకారం 15-16 ఏళ్ళవాడు రోజుకు 95 బంతులు దాటకూడదు. 76 గానీ అంతకుమించి గానీ వేస్తే నాలుగు రోజులు పిచింగ్ మానాలి. ఆ రోజు పిచింగ్ చేసినవాణ్ణి అదే మ్యాచ్‌లో క్యాచరుగా కూర్చోబెట్టకూడదు. ఇందుకు ఖర్చేమీ లేదు, స్కోరరు పక్కన ఓ తొమ్మిదో తరగతి పిల్లాడు నోటుబుక్కులో గీతలు గీస్తే సరి.

సెమీస్‌లో 80 బంతులు వేసిన ఆ కుర్రాణ్ణి మర్నాడు ఫైనల్లో ఏం చేయాలి? ఫస్ట్ బేస్‌లో నిలబెట్టాలి, అక్కడ విసిరే పని తక్కువ. నాలుగో నంబరులోనే బ్యాటింగుకు పంపాలి. బంతి రెండో పిచరుకివ్వాలి. మ్యాచ్ పోవచ్చు, గట్టు మీద వాళ్ళు పీడీ సార్‌ను తిట్టుకోవచ్చు. రెండో పిచరు లేడంటే మాత్రం ఆ తిట్లు ఆయనకు న్యాయంగానే తగులుతాయి.