కొమ్మ పుట్టిన తేదీ

మన దేశంలో మనిషి పుట్టిన తేదీ అంటే పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న తేదీ. తల్లి నొప్పులు పడిన రోజుకూ దానికీ సంబంధం ఉండి తీరాలన్న నియమం లేదు. బడిలో చేర్చుకున్న మాస్టారు జూన్ అని రాస్తే జూన్‌లోనే పుట్టాం, ఆ లెక్కనే ఉద్యోగంలో చేరాం, ఆ లెక్కనే రిటైరవుతాం. మనుషులకు ఇంత పకడ్బందీ ఏర్పాటు ఉండగా కుండీల్లో పెరిగే చెట్లకు లేకపోవడం విచారకరం. ముఖ్యంగా జపాను వారి ఫ్లవరింగ్ క్విన్స్ విషయంలో పరిస్థితి చేయి దాటిపోయింది.

తెలియని వారి కోసం చెబుతున్నాను. ఇది గులాబీ, ఆపిల్ కుటుంబానికి చెందిన ముళ్ల పొద. జపానులో బొకె అంటారు. చలి ఇంకా వదలకముందే, ఆకు రాని బోడి కొమ్మల మీద పూస్తుంది. ఇందులో చిట్టి ఆకుల పొట్టి రకం చోజుబాయ్ అంటే బోన్సాయ్ పెంచేవారికి ప్రాణం. తోయోనిషికి అని మరో రకం ఉంది. అది ఒకే పొద మీద ఎరుపు, తెలుపు, గులాబీ రంగుల పూలు పూస్తుంది. ఎన్నికల్లో ఎవరు గెలిచినా ఇబ్బంది పడకుండా ముందే సర్దుకున్న చెట్టు అన్నమాట. మన ఎండలకు ఈ జాతి తగినది కాదు గనుక ఇక్కడ చెట్ల వయసుల కుంభకోణం ఇంకా మొదలు కాలేదు.

గింజ వేసి పెంచితే పిల్ల మొక్క తల్లి పోలికతో వస్తుందన్న నమ్మకం లేదు. పూత కోసం ఏళ్ల తరబడి కాచుకోవాలి కూడా. అందుకే కొమ్మ నాటుతారు. ఈ ఏటి చిగురు కాస్త ముదిరాక బెత్తెడు ముక్క తీసుకుంటారు. కింది ఆకులు దూసేసి, పదునైన కత్తితో ఏటవాలుగా కోసి, కాసేపు నీళ్లలో ఉంచి, కోసిన చోట వేర్లు రావడానికి వాడే పొడి అద్ది, కనుమ మట్టిలో గుచ్చుతారు. (మన కనుమ పండుగతో దీనికి చుట్టరికం లేదు. తొచిగి ప్రాంతంలో కనుమ అనే ఊరి దగ్గర తవ్వే పసుపుపచ్చని, తేలికైన అగ్నిపర్వతపు మట్టి ఇది.) ఆపైన నీడ, తేమ, గాలి తగలని చోటు. వేరు రావడానికి నెల పట్టవచ్చు, రెండు నెలలు పట్టవచ్చు. ఈలోగా ఆకు పచ్చగానే ఉంటుంది, కొత్త చిగురు కూడా తొడగవచ్చు. అడుగున మాత్రం వేరు ఉండదు. కొమ్మలో దాచుకున్న సత్తువతోనే ఆ ఆర్భాటమంతా.

సహనం నశించిన వారు వేరు వచ్చిందో లేదో లాగి చూస్తారు. కొమ్మ సునాయాసంగా బయటికి వస్తే వేరు రాలేదని అర్థం. పుటుక్కున ఏదో తెగిన చప్పుడైతే అప్పటిదాకా వచ్చి ఉన్నదని అర్థం.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ కొమ్మ పుట్టినది ఎప్పుడు? కోసిన రోజు అని కొందరు, వేరు వచ్చిన రోజు అని కొందరు. మూడో పక్షం వాదం వేరు. కొమ్మ తల్లి శరీరంలోని ముక్కే కదా, కొత్తగా ఏదీ పుట్టలేదు కదా, కాబట్టి తల్లి వయసే కొమ్మ వయసు అంటారు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెతకు వృక్షశాస్త్రం ఇంత గట్టి మద్దతు ఇస్తుందని మన పెద్దలు కూడా ఊహించి ఉండరు. అమ్మకందారులు ఏ పక్షమో చెప్పనక్కర్లేదు.

వయసును ఎలా మోయాలో తెలిసిన చెట్లూ ఉన్నాయి. అమెరికా స్వాతంత్ర్య ద్విశతాబ్ది ఉత్సవాలకు 1976లో జపాను 53 బోన్సాయ్ చెట్లను కానుకగా ఇచ్చింది. వాటిలో యమాకి కుటుంబం ఇచ్చిన తెల్ల పైన్ 1625 నుంచి మనిషి చేతుల్లో పెరుగుతున్న చెట్టు. 1945 ఆగస్టు 6న అది హిరోషిమాలో, బాంబు పడిన చోటికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో, ఒక గోడ చాటున ఉంది. ఈ సంగతి వాషింగ్టన్‌లో దాన్ని సాకుతున్న వారికి తెలిసింది 2001లో, ఆ ఇంటి మనవలు చెట్టును చూసుకోవడానికి వెళ్లినప్పుడు. పాతికేళ్లు ఎవరికీ చెప్పుకోని ఆ పైన్ ఎక్కడ, మొన్న జూన్‌లో గుచ్చిన పుల్లకు వంశవృక్షం అతికించే ఈ వ్యాపారం ఎక్కడ!

ఇంతకీ బోన్సాయ్ అంటేనే చెట్టుకు వయసు మీద పడినట్లు కనిపించేలా చేసే విద్య. తన తలకు రంగు వేసుకుని వచ్చిన మనిషి, కుండీలోని పసిమొక్క నడుముకు తీగ చుట్టి ముసలిదాన్ని చేయడానికి కూర్చుంటాడు. క్విన్స్ దగ్గర ఈ పప్పులు ఉడకవు. దాని కాండం ఓ పట్టాన లావెక్కదు. అందం కోసం కత్తిరిస్తూ పోతే మరీ ఎక్కదు. పెన్సిలంత కొమ్మ నాటిన వాడికి చాలా ఏళ్ల తర్వాత కూడా పూలు పూసే పెన్సిలే మిగులుతుంది. పైగా మొదట్లోంచి పిలకలు వేస్తూనే ఉంటుంది. ఏకైక నాయకుడిలా ఒంటి కాండంతో నిలబడమంటే, తమ్ముళ్లనూ బావమరుదులనూ వెంటేసుకుని గుంపుగా వస్తుంది. పిలకలను ఎప్పటికప్పుడు తీయకపోతే అసలు కాండానికి అందాల్సిన సత్తువను అవే తాగేస్తాయి. జపాను వారు కొంతకాలం పోరాడి, చివరికి గుంపునే ఒక శైలిగా గుర్తించి హుందాగా రాజీ పడ్డారు.

తొందర ఉన్నవారికి అడ్డదారి ఉంది. కుండీ మార్చేటప్పుడు కోసి పారేసే లావుపాటి వేర్లను ముక్కలు చేసి, పై కొస కాస్త కనిపించేలా నాటితే అవీ చిగురిస్తాయి. తలకిందులుగా పాతిపెడితే మాత్రం ఆశ వదులుకోవాలి. వేరు అప్పటికే మట్టిలో వంకరలు తిరిగి, ముడతలు పడి ఉంటుంది గనుక అదే కాండమై బయటపడేసరికి చూసేవారికి ఎంతో అనుభవం గడించినట్లు అనిపిస్తుంది. ఎండ మొహం చూడకుండా భూమిలో దాక్కున్న కాలమంతా సీనియారిటీ కింద జమ అవుతుంది. ప్రభుత్వ కార్యాలయాలతో పరిచయం ఉన్న పాఠకులకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

చెట్ల పేరు చెప్పి మనుషులకు నియమాలు పెట్టిన చరిత్ర జపానుకు ఉంది గనుక నా ప్రతిపాదన అక్కడే పంపుతున్నాను. 1923 భూకంపం తర్వాత టోక్యో బోన్సాయ్ పెంపకందారులు కొందరు దగ్గరలోని ఒమియాకు తరలిపోయి 1925లో ఒక పల్లె కట్టుకున్నారు. అప్పట్లో వాళ్లు పెట్టుకున్న నియమాలివి: అక్కడ కాపురం పెట్టాలంటే కనీసం 10 బోన్సాయ్‌లు ఉండాలి, ఇంటికి గోడ బదులు పచ్చని కంచె ఉండాలి, వచ్చిన వారికి గేటు తెరవాలి, రెండో అంతస్తు వేయకూడదు. ఆఖరి నియమం చదివి మన బిల్డర్లు కంగారు పడవద్దు. ఇక్కడ పెడితే వారం తిరగకుండా క్రమబద్ధీకరణ పథకం కూడా పెడతారు.

కాబట్టి కుండీ వృక్షాల వయసు నిర్ధారణ మండలిని వెంటనే నియమించాలి. కొమ్మ మొక్కలకు వేరు వచ్చిన రోజే పుట్టినరోజు. తల్లి వయసు చెప్పుకోదలిస్తే ఇంటిపేరు స్థానంలో చెప్పుకోవచ్చు. వేరు ముక్కలను పుట్టు వృద్ధులుగా విడిగా నమోదు చేయాలి, పింఛను అడగరాదు. పిలకలు వేరే కార్డు కోరితే తల్లి మొక్క నుంచి విడిపోయినట్లు విచారణ జరగాలి. తనిఖీలన్నీ ఆకురాలు కాలంలోనే పెట్టుకోవాలి. మిగతా చెట్లకు వసంతంలో కుండీ మారుస్తారేమో గానీ, క్విన్స్ వేళ్లకు అప్పుడు గాయమైతే కణితి తెగులు బ్యాక్టీరియా పట్టుకుంటుందని జపానులో శరదృతువు దాకా ఆగుతారు. దరఖాస్తుకు మూడు ఫొటోలు, గెజిటెడ్ అధికారి సంతకం తప్పనిసరి. వేరు వచ్చినదని ధ్రువీకరించే సదరు అధికారి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కొమ్మను లాగి చూడరాదు.