కాలువ మొదట్లో ఉన్నవాళ్లం

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఒకసారి మా బెజవాడ రైవస్ కాలువ గట్టు మీద నిలబడి చూడండి. నీళ్లు నిండుగా పారినన్నాళ్లూ కనిపించనిదంతా అడుగున పరుచుకుని ఉంటుంది. నేను చూసిన రోజు మెట్ల దగ్గరే ముడి విప్పని కవరొకటి, లోపల కుళ్లిన బంతిపూలు, అగరబత్తి పెట్టె, కొబ్బరి చిప్ప. భక్తితో వేసిన ముడే అది. పూజ పూలు తొక్కుడు పడకూడదని, పారే నీటిలో కలపాలని పెద్దలు చెప్పారు. అప్పట్లో అవి ఆకులోనో తట్టలోనో వెళ్లేవి, నీళ్లలో కలిసిపోయేవి.

పర్యావరణం అనగానే మనకు జూన్ 5, మొక్కలు నాటడం గుర్తొస్తాయి. నాటాలి, కాదనను. కానీ బెజవాడవాళ్లకి అంతకన్నా దగ్గరి బాధ్యత ఒకటుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరి ఊరి మధ్య నుంచి పోయే బందరు, ఏలూరు, రైవస్ కాలువలే కింద డెల్టా పొలాలను తడుపుతాయి. అక్కడి ఊళ్ల మంచినీటి చెరువులు నిండేదీ ఈ కాలువల నీళ్లతోనే. వంతెన మీంచి మనం విసిరిన మూట కింద ఎవరి బిందెలోకి దిగుతుందో ఆలోచించాలి.

నిబంధనలకు కొదవ లేదు. 2016లోనే తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంట్లో విడదీయమన్నారు. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటిని, అలంకరణ థర్మకోల్‌తో సహా నిషేధించారు. ఆ డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా తక్కువ మందం ఉన్న ప్లాస్టిక్ క్యారీబ్యాగులూ కుదరవు. అయినా కొత్తిమీర కట్టకో కవరు, పచ్చిమిరపకాయలకో కవరు. చేతిలో సంచి ఉంటే అడిగే పనే లేదు, చేపలకైతే స్టీలు డబ్బా.

"విడదీసినా బండిలో అన్నీ కలిపేస్తారు గదండీ" అని మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది అంటారు. కొన్నిచోట్ల నిజమే. అందుకే నేను తడి చెత్తను గడప దాటనివ్వడం లేదు. చిల్లులు పొడిచిన పాత బకెట్‌లో ఒక వరస ఎండాకులు, దాని మీద కూరగాయల తొక్కలు, పూజ పూలు, మళ్లీ ఎండాకులు. మొదట్లో కాస్త పులిసిన మజ్జిగ చల్లాను. తడి ఎక్కువైతే కంపు కొడుతుంది. ఇంకో రెండు గుప్పెళ్ల ఎండాకులు వేసి కలిపితే గాలాడి తగ్గిపోతుంది. రెండు మూడు నెలలకు నల్లటి ఎరువు. దేవుడి పూలు చెత్తలో వేస్తావా అని మా అమ్మ మొదట ఒప్పుకోలేదు. తులసి మొదట్లోకే వెళ్తాయని తెలిశాక ఇప్పుడు తనే తెచ్చి వేస్తోంది.

ఎరువు కన్నా నాకు విలువైన లాభం ఇంకొకటుంది. తడి అంటని అట్టలు, సీసాలు పాతసామాన్లవాళ్లు కొనుక్కుపోతారు. పారిశుద్ధ్య కార్మికులు మనింటి పాచిన అన్నంలో చేయి పెట్టి వాటిని ఏరుకోనక్కర్లేదు.

వినాయక చవితికి 21 రకాల పత్రి తెచ్చుకుంటాం. ఉద్వాసన చెప్పాక ఎవరికి వాళ్లు కవర్లలో కట్టి కాలువకు మోసే బదులు సెల్లారులో ఒక డ్రమ్ము పెట్టి అందులో వేద్దామని, మట్టి ప్రతిమలకు పక్కనే నీళ్ల తొట్టి ఉంచుదామని ఈసారి మీటింగులో అడగబోతున్నాను. ఎండాకులు తెచ్చే పూచీ నాదే.