సీటు భద్రంగా ఉంది

తొమ్మిదో తరగతి సీట్లు ఎవరి పాలవుతున్నాయోనని బెంగ పెట్టుకున్నవాళ్లకు శుభవార్త. మా కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి, కౌతాళం పక్కన అవి చాలా భద్రంగా ఉన్నాయి. నిజంగా అవసరమున్న పిల్ల వాటి దరిదాపులకు కూడా రాకుండా పకడ్బందీగా కాపలా కాస్తున్నారు. గిట్టనివాళ్లు ఏదో ఒకటి అంటూనే ఉంటారు. నేను మాత్రం జూన్‌లో మూడు రోజులు దగ్గరుండి చూశాను, మెచ్చుకోకుండా ఉండలేకపోతున్నాను.

ముందు చట్టం ముందుచూపు చూడండి. 2009 విద్యా హక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా పంతుళ్ల చేతులు కట్టేసింది పాపం. టీసీ రావడం ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదట, వయసు కాగితం లేదని తిప్పి పంపకూడదట. ఎనిమిది దాటితే ఆ బాధ లేదు. ఆ పిల్ల వీధిలో పడుతుందేమోనని భయం కూడా అక్కర్లేదు, ఎందుకంటే 2016లో సవరించిన బాల కార్మిక చట్టం అక్కడే నిలబడి ఉంది. పద్నాలుగు నిండితే చాలు, ప్రమాదకరమని జాబితాకెక్కని ఏ పనికైనా పోవచ్చు. ఈ చట్టం చెయ్యి వదిలేసరికి ఆ చట్టం చెయ్యి పట్టుకుంటుంది. పెళ్లిలో అప్పగింతలప్పుడైనా ఎవరో ఒకరు ఏడుస్తారు. ఇక్కడ అదీ లేదు.

మా వీధి చివర ఒక జేజి, ఆమె మనవరాలు ఉంటారు. పిల్ల నిరుడు ఎనిమిది పాసైంది. దసరా పోయినాక తల్లితో కలిసి సుగ్గికి (కోతల వలసకు) గుంటూరు పక్క మిరపకాయలు కోయడానికి పోయింది. ఎండాకాలంలో తిరిగొచ్చి, మళ్లీ బడికి పోతానని పట్టుబట్టింది. (తప్పు పిల్లదే. ఆశకు ఏ ధ్రువీకరణ పత్రమూ అడగరు కదా, ఎవరైనా పెట్టేసుకుంటారు.) ఫారం నింపడానికి నేను తోడుపోయాను. నీలం ఇంకుతో నింపాను. నల్ల ఇంకు కావాలన్నారు. మొదటి రోజు అట్లా గడిచింది.

చదువుకు దూరమైన పేద, వెనకబడిన వర్గాల ఆడపిల్లల కోసం 2004లో మొదలైన కస్తూర్బా విద్యాలయాలు ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి, మంచివే. అయితే చేరాల్సింది ఆరో తరగతిలో. తొమ్మిదిలో మిగులు సీట్లుంటే ఉన్నట్టు. దరఖాస్తు ఎండాకాలం మొదట్లో, అదీ ఆన్‌లైన్‌లో. సరిగ్గా ఆ రోజుల్లో ఈ పిల్ల చేలో నడుం వంచి ఉంది. వలసపోయే పిల్లల కోసం పెట్టిన తేదీ వాళ్లు వలసలో ఉన్నప్పుడే రావాలంటే పంచాంగం ఎంత క్షుణ్ణంగా చదివి ఉండాలి!

రెండో రోజు పిల్ల తండ్రి చనిపోయాడని రుజువు చేసే పని పెట్టుకున్నాం. ఆయన బెంగళూరులో కట్టడం పనికి పోయి అక్కడే పోయాడు. మరణ ధ్రువీకరణ పత్రం ఏదీ అన్నారు. జేజి ఆఫీసు కిటికీ చువ్వలు పట్టుకుని, "సామీ, వాడు సచ్చింది ఊరంతా సూసినారు. కాగితమొక్కటే సూడలే" అంది. లోపలున్న ఆయన మంచివాడు, నవ్వాడు కూడా. రేపు రమ్మన్నాడు.

మూడో రోజు ఆధార్. పదిహేనేళ్లు నిండితే వేలిముద్రలు మళ్లీ వేయాలి. పిల్ల బొటనవేలు పెట్టింది, యంత్రం ఒప్పుకోలేదు. తడిగుడ్డతో తుడిచి పెట్టమన్నారు, ఒప్పుకోలేదు. జేజి ఆ వేలిని తన చీర కొంగుతో గట్టిగా రుద్ది, నోటితో ఊది, దేవుడి ముందు దీపం పెట్టినంత జాగ్రత్తగా అద్దం మీద ఆనించింది. అయినా పడలేదు. నెలల తరబడి మిరపకాయలు తుంచిన వేలు అది. గీతలన్నీ ఏ బస్తాలోకో పోయి ఉంటాయి. మిర్చి యార్డుకు పోయి వెతుక్కోవాలి కాబోలు.

అప్పుడు బయటపడింది అసలు విషయం. కంప్యూటర్ ముందున్న అమ్మాయి, "పాప డ్రాప్‌బాక్సులో ఉంది" అంది. బడి వదిలి, ఇంకో బడిలో చేరని పిల్లల పేర్లను పోర్టల్‌లో అందులో వేస్తారట. కొత్త బడివాళ్లు అక్కడినుంచి తీసుకోవాలి. తీసుకోవాలంటే పుట్టిన తేదీ, పేరు కలవాలి. ఆధార్‌లో పిల్ల ఇంటిపేరు ముందుంది, టీసీలో వెనకుంది, రేషన్ కార్డులో అసలే లేదు. జేజికి ఇదంతా ఎక్కలేదు. "ఆ బాక్సు యాడుందో చెప్పు నాయనా, నేనే పోయి ఎత్తుకొస్తా" అంది. ఆ అమ్మాయి తల వంచుకుని కీబోర్డు వైపు చూసింది. నేనూ అటే చూశాను.

సాయానికి మాత్రం కొదవ లేదు. ఆగస్టులో ఒకరు, సెప్టెంబరులో ఇద్దరు వచ్చి బ్యాగులు ఇచ్చి, బ్యానరు పట్టుకుని ఫొటో దిగిపోయారు. ఇప్పుడు పిల్ల దగ్గర మూడు బ్యాగులున్నాయి. బడి ఒక్కటే తక్కువ.

దసరా పోయింది. పోయిన వారం కూలీలను కోతలకు తీసుకుపోయే మేస్త్రి వచ్చాడు. ఆయన దగ్గర చేర్చుకునే పద్ధతి గురించి నాలుగు మాటలు చెప్పాలి, పెద్దలు గమనించాల్సిన విషయం. ఆయన ఇంటికే వస్తాడు. టీసీ, కులం, ఆదాయం ఏదీ అడగడు. తండ్రి ఉన్నాడా పోయాడా అనడు. గడువు తేదీ లేదు, మిగులు సీటన్న మాట లేదు. పైగా చేరేవాళ్లకే ముందు డబ్బులిస్తాడు. "రోజుకెంత కోస్తావు పాపా?" అని ఒక్కటే ప్రశ్న అడిగాడు. పిల్ల చెప్పింది. అడ్వాన్సు జేజి చేతిలో పెట్టి, జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు.

పిల్ల మూడు బ్యాగుల్లో పెద్దది ఏరుకుని బట్టలు సర్దుకుంటోంది. నేను ఊరికే మేస్త్రి పుస్తకంలోకి తొంగిచూశాను. ఇంటిపేరు ముందు, పేరు వెనక, ఒక్క దీర్ఘం కూడా తప్పకుండా రాసుకున్నాడు.